కారు కవరుకు ఆది

మా ఇంట్లో మంచినీళ్ళతో స్నానం చేసేది కారొక్కటే.

మాది విడవలూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఒక ఊరు. ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్ళే పడతాయి. ఆ నీళ్ళతోనే మేం స్నానాలు చేస్తాం, బట్టలు ఉతుక్కుంటాం, అంట్లు తోముకుంటాం. తాగడానికీ వంటకూ మాత్రం క్యాన్లు వేయించుకుంటాం. కారు కొన్న కొత్తలో మా ఆయన దాన్ని బోరునీళ్ళతో శుభ్రంగా కడిగి ఎండలో నిలబెట్టాడు. కాసేపటికి వచ్చి చూస్తే అద్దాల మీద, నల్లటి బంపర్ల మీద తెల్లటి మచ్చలు లేచి ఉన్నాయి.

"దీనికి ఆటలమ్మ పోసినట్టుండాదే!" అన్నాడు, చెయ్యి పెట్టి తడుముతూ.

అది నీళ్ళలోని ఉప్పు అని తెలిసిన రోజు నుంచి కారుకు క్యాను నీళ్ళు మొదలయ్యాయి. నేను జిగటలాడే జుట్టుతో బడికి పోయేదాన్ని. నన్ను తీసుకుపోయే కారు మాత్రం తళతళలాడుతూ ఉండేది.

నిజానికి కారు అవసరం నాది. నేను అల్లూరు పక్కన ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. బస్సు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అందుకని నలభై దాటాక డ్రైవింగు నేర్చుకుని, ఒక తెల్లటి పాత కారు కొనుక్కున్నాను. మా ఆయనకు రొయ్యల మేత అమ్మే దుకాణం ఉంది. ఆయన డ్రైవింగు నేర్చుకోలేదు. క్లచ్చి తొక్కితే కాలు వణుకుతుందట. కానీ ఇంట్లో ఒక వాహనం ఉండి, దానిలో తన పాత్ర ఏమీ లేకపోవడం ఆయనకు నచ్చలేదు. దాంతో కారు ఒళ్ళు చూసుకునే బాధ్యత తను తీసుకున్నాడు. నేను నడుపుతాను, ఆయన తుడుస్తాడు. మా ఒప్పందం అంతే.

ఫోనులో వీడియోలు చూసి ఆయన చాలా నేర్చుకున్నాడు. అబద్ధం ఎందుకు, అన్నీ పనికొచ్చే సంగతులే. మొదట ఒట్టి నీళ్ళు పోసి ఇసకంతా జారిపోయేదాకా గుడ్డ తగిలించకూడదు, తగిలిస్తే గీతలు పడతాయి. కడగడం పైనుంచి కిందికే. సబ్బునీళ్ళకు ఒక బక్కెట్టు, గుడ్డ జాడించడానికి ఇంకో బక్కెట్టు. అంట్ల సబ్బు వాడితే మెరుపు పోతుంది. చక్రాలు తుడిచే గుడ్డ ఒంటికి తగలకూడదు. టైర్లలో గాలి పొద్దున్నే, టైరు వేడెక్కక ముందే చూసుకోవాలి. బ్యాటరీ కొసల మీద తెల్లగా బూజులాంటిది పేరుకుంటే వేన్నీళ్ళతో కడిగి, ఆరాక జెల్లీ రాయాలి. ఆ జెల్లీ కోసం చలికాలం నేను పెదాలకు రాసుకునే డబ్బా తీసుకుపోయాడు. అడిగితే, "నీ పెదాలు పగిలితే మళ్ళీ వస్తాయి, బ్యాటరీ రాదు" అన్నాడు. ఒకసారి పొరపాటున చక్రాల గుడ్డతో కిటికీ అద్దం తుడిచానని రాత్రి అన్నం తినేదాకా నాతో మాట్లాడలేదు.

ఆయన భయమంతా సముద్రపు గాలి గురించి. తుప్పు పైన కనపడదనీ, చక్రాల పైనుండే మడతల్లో ఉప్పు చేరి లోపలి నుంచి తినుకుంటూ వస్తుందనీ ఎవరో మెకానిక్కు చెప్పాడట. దాంతో ఒక కవరు తెప్పించాడు. వెండి రంగు. అంచున రబ్బరు. పక్కనుండే అద్దాల కోసం చెవుల్లాంటి రెండు సంచులు. పొద్దున దాన్ని తీసి పట్టుచీర మడతపెట్టినట్టు మడతపెట్టేవాడు. సాయంత్రం నేను వచ్చి ఇంజన్ ఆపగానే, చల్లారేదాకా పక్కన నిలబడి, మళ్ళీ తొడిగేవాడు.

అల్పపీడనం వచ్చిన ఒక శనివారం మధ్యాహ్నం అన్నాలు తింటున్నాం. ఎదురింటి పెద్దావిడ వీధిలోంచి పెద్దగా కేకేసింది.

"టీచరమ్మా! మీ కారు ఎగిరిపోతా ఉండాది!"

ఎంగిలి చేతులతోనే బయటికి ఉరికాం. కారు అక్కడే ఉంది, ఒంటి మీద ఏమీ లేకుండా. ఆకాశంలో ఇంకో కారు పోతోంది. కవరు కింద గాలి దూరి, అచ్చం కారు ఆకారంలోనే ఉబ్బి, రెండు చెవులూ నిక్కబొడుచుకుని తాటిచెట్ల మీదుగా పడమటి వైపు పోతోంది. మా ఆయన దాని వెనక పరిగెత్తాడు. వానలో చెరువుకట్ట దాకా పోయి, ఒంటి చెప్పుతో తిరిగొచ్చాడు.

"మలుపు కాడ ఎడమకి తిరిగింది" అన్నాడు, రొప్పుతూ. ఎవరో నడుపుతున్నట్టే చెప్పాడు.

మర్నాడూ ఆ మర్నాడూ పొలాల్లో, ముళ్ళకంపల్లో వెతికాడు. దొరకలేదు. ఇంకోటి తెప్పించుకుందాం అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"అంగట్లో కొనేవన్నీ వదులుగా ఉంటాయి. వదులుగా ఉండబట్టే గదా గాలి దూరింది? ఒంటికి పట్టినట్టుంటే ఎట్ట పోతాది? కుట్టించాల."

కుట్టేదెవరు? మా ఊళ్ళో ఉన్నది ఒకే టైలరు. ఆడవాళ్ళ జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కుడతాడు. మా చర్చిలో పాటలు పాడే పిల్లలకు తెల్లటి గౌన్లు కుట్టిందీ అతనే. మెడలో టేపు లేకుండా అతన్ని నేనెప్పుడూ చూడలేదు. తనంత పనివాడు నెల్లూరులో కూడా లేడని అతని నమ్మకం. ఆ నమ్మకం మా ఊళ్ళో ఇంకెవరికీ లేకపోయినా వేరే టైలరు లేడు కనుక చెల్లుబాటయ్యేది.

అతను వచ్చి కారు చుట్టూ తిరిగాడు. వెనక్కి పోయి ఒక కన్ను మూసి చూశాడు. తర్వాత చెయ్యి చాపాడు.

"ఆది ఉందా అన్నా?"

కొలత కోసం టైలరుకు ఇచ్చే పాత జాకెట్టును మేం ఆది అంటాం. మా ఆయనకు అర్థం కాలేదు.

"కారుకు ఆది ఏంది?"

"ఆది లేకుండా నేను కుట్టనన్నా. ఒంటి మీద కొలతలు తీసి కుడితే రేపు చంకల్లో పట్టేసింది అంటారు, మళ్ళీ నన్నే అంటారు."

"కారుకు చంకలు యాడుండాయయ్యా?"

టైలరు నింపాదిగా నడిచిపోయి పక్క అద్దం మీద చెయ్యి వేశాడు. "ఇవేంది మరి?"

ఉన్న ఒక్క ఆదీ ఎగిరిపోయిందని చెప్పాం. "అయితే అది దొరికినాక పిలవండి" అని అతను వెళ్ళిపోయాడు.

ఆదివారం చర్చిలో అది దొరికింది.

పాటలయ్యాక పాస్టరు గారు, దేవుడు చేసిన మేళ్ళకు సాక్ష్యం చెప్పాలనుకున్నవాళ్ళు ముందుకు రావచ్చన్నారు. కొత్తగా ఊరికి వచ్చిన ఒకావిడ లేచింది. ఆమె, ఆమె భర్త రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉంటారు. గట్టు మీద ఒక కొట్టంలో కాపురం. మైకు పట్టుకోవడం అదే మొదటిసారి కాబోలు, నోటికి మరీ దగ్గరగా పెట్టుకుంది.

"మా కొట్టం కారతా ఉండింది. పొయ్యి తడిసిపోయింది. ఆయన గుంట కాడ ఉండాడు. నేను మోకాళ్ళ మీద పడి, అయ్యా తండ్రీ, నా తల మీద ఏదన్నా ఒకటి కప్పు అని ప్రార్థన చేసినా. ఆమెన్ అన్నానో లేదో, ధబామని పైన పడింది. బయటికొచ్చి చూస్తే వెండి రంగు కప్పు! కొట్టానికి సరిగ్గా సరిపోయింది. అంచున రబ్బరు గూడా పెట్టి పంపించినాడు."

"స్తోత్రం!" అంది చర్చి అంతా.

"దానికి రెండు చెవులుండాయి. అవి దేనికో దేవుడు నాకింకా బయలుపరచలేదు."

"హల్లెలూయ!" అన్నారు అందరూ. మగవాళ్ళ వైపు నుంచి ఒక హల్లెలూయ కాస్త ఆలస్యంగా వచ్చింది. అది మా ఆయనది. ఆయన సంఘ పెద్దల్లో ఒకడు. ముందు వరసలో కూర్చుంటాడు. నాకు ఆయన మెడ వెనక భాగం మాత్రమే కనపడుతోంది. అది ఎర్రబడింది.

ఇంటికొచ్చాక అడిగాను. "ఎక్కడుందో తెలిసిందిగా. పోయి మాదే అని చెప్పి తెచ్చుకుంటే సరిపోతుంది."

"ఏమని చెప్పేది? ప్రార్థనకు జవాబుగా వచ్చినదాన్ని పోయి, ఇది మా కారుదమ్మా అంటే ఆమె విశ్వాసం ఏమైపోవాల?"

"ఆమె విశ్వాసం సరే. మీ తుప్పు సంగతి?"

"అదే ఆలోచిస్తా ఉండా" అన్నాడు. నిజంగానే ఆలోచిస్తున్నాడు. అన్నం కలుపుతూ ఆలోచించాడు. కారు మీద చెయ్యి పెట్టుకుని ఆలోచించాడు. ఒకసారి నన్ను పిలిచి, "దేవుడు మన కారుది తీసి ఆమెకిచ్చినాడంటే, మనకి వేరేది కుట్టించుకోమనే గదా అర్థం?" అన్నాడు. నేను కాదనలేదు. కాదంటే ఆ చర్చ ఆగదని నాకు తెలుసు.

చివరికి దారి చూపింది టైలరే. ఆది తీసుకురావడం కుదరకపోతే తనే ఆది దగ్గరికి వస్తానన్నాడు. కొట్టం మీదే కొలతలు తీసుకుని ఊరుకుందాం, ఆమెకు సంగతి చెప్పనక్కర్లేదు అనుకున్నాం. ఒక సాయంత్రం ముగ్గురం కారెక్కి గుంటల వైపు పోయాం. మా ఆయన ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా, "గుంతలో పోనివ్వబాక, బురద ఎగురుతాది" అంటూనే ఉన్నాడు. గుంటల గట్టు మీద బురద తప్ప ఇంకేమీ లేదు.

ఆమె బయట పొయ్యి మీద చేపల పులుసు పెట్టింది. కొట్టం మీద మా కవరు ఎంత అందంగా ఉందంటే, మా కారు మీద కూడా ఎప్పుడూ అంత బాగా కుదరలేదు. తాళ్ళతో కట్టి, అంచుల మీద ఇసక సంచులు పెట్టారు. చెవులు రెండూ చూరు నుంచి అటొకటి ఇటొకటి వేలాడుతున్నాయి. ఒకదానిలో వెల్లుల్లి, ఎండుమిరపకాయలు పోసుకుంది. రెండోదానిలో టార్చిలైటు.

మా ఆయన రొయ్యల గురించి అడిగాడు. నీళ్ళ రంగు గురించి అడిగాడు. గుంటలో నీళ్ళు చిలికే ఏరేటర్లు ఎన్ని తిరుగుతున్నాయో కూడా అడిగాడు, కళ్ళెదుటే తిరుగుతున్నా. ఈ లోపల టైలరు ఒక మేత బస్తా మీదెక్కి, టేపు తీసి పని మొదలుపెట్టాడు.

"వీపు పొడుగు రాసుకోండన్నా!" అని అరిచాడు. మా ఆయన అరచేతిలో రాసుకున్నాడు. "నడుం! చెయ్యి చుట్టుకొలత! చెయ్యి పొడుగు... టీచరమ్మా, చేతులు ఇంతే ఉంచేదా, మోచేతి దాకా దించేదా?"

"ఇంతే చాలు" అన్నాను. ఇంకేమనాలో తోచలేదు.

ఆమె గరిటె పట్టుకుని నిలబడి చూస్తోంది. "ఏం కొలస్తా ఉండారన్నా?"

"ఇట్టాంటిదే ఒకటి కుట్టిద్దామని..." అన్నాడు మా ఆయన.

"మీ ఇల్లు గూడా కారతా ఉండాదా? మిద్దిల్లు గదా?"

"ఇల్లు కాదమ్మా..."

"కారుకక్కా!" అన్నాడు టైలరు, పైనుంచి. "ఇది కారు చొక్కానే గదా. ఇవి చేతులు."

ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి. ఆమె వేలాడుతున్న చెవి వైపు చూసింది. తర్వాత మా కారు అద్దం వైపు చూసింది. మళ్ళీ చెవి వైపు చూసింది. మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

"అయితే," అంది చివరికి, "నా ప్రార్థన విని దేవుడు మీ కారు గుడ్డలు విప్పదీసినాడా?"

"అట్లనే అనుకోవాల" అన్నాడు మా ఆయన.

ఆమె గరిటె కింద పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని కారు దగ్గరికి పోయింది. తలుపు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. "ఎంత చల్లగా ఉండావు తల్లీ, గాలికి!" అంది, కారుతోనే. తర్వాత వెనక్కి తిరిగి, ఇప్పుడే విప్పిస్తానంది. మా ఆయన వద్దంటే వద్దన్నాడు. ఆమె ఇస్తాననడం, ఈయన వద్దనడం చాలాసేపు నడిచింది. ఈ లోపల టైలరు ఇంకో చెవిలోని వెల్లుల్లి కింద పోసేసి దాని చుట్టుకొలత కూడా తీసేసుకున్నాడు. మేం వస్తుంటే ఆమె ఒక గిన్నె నిండా పులుసు ఇచ్చింది. ఎవరి పేరు చెప్పి ఇచ్చిందంటే కారు పేరు చెప్పి ఇచ్చింది.

ఆ తర్వాతి ఆదివారం ఆమె మళ్ళీ మైకు తీసుకుంది. పోయినసారి చెప్పిన సాక్ష్యంలో ఒక ముక్క తక్కువైందని, కప్పు పరలోకం నుంచి నేరుగా రాలేదని, మధ్యలో ఒక కారు మీద ఆగి వచ్చిందని చెప్పింది. చెవులు దేనికో కూడా బయలుపడిందని చెప్పింది. పాస్టరు గారు ప్రార్థనలో ఆ కారును కూడా జ్ఞాపకం చేసుకున్నారు. అందరూ మా ఆయన వైపు ప్రేమగా చూశారు. ఆయన ఏ దానమూ చేయలేదు. ఒంటి చెప్పుతో దాని వెనక పరిగెత్తినవాడు. ఆ సంగతి చెబుదామని లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

కొత్త కవరుకు గుడ్డ కావాలి. గరుకు గుడ్డ అయితే గీతలు పడతాయి, లోపలి వైపు మెత్తగా ఉండాలి. కావలిలో ఒక బట్టల అంగడికి పోయాం. కారుకు సరిపోయేంత గుడ్డ ఒకే తానులో, మెత్తగా దొరికింది ఒకటే రకం. కిటికీ తెరల గుడ్డ. మీగడ రంగు మీద అరచెయ్యంత ఎర్ర గులాబీలు. నేను మా ఆయన మొహం చూశాను. ఆయన గుడ్డను చెంపకు ఆనించుకుని చూస్తున్నాడు.

"మెత్తగా ఉండాది" అన్నాడు. గులాబీలు ఆయనకు కనపడలేదు.

టైలరు చిన్న దుకాణంలో ఆ గుడ్డ పట్టలేదు. మిషను లోపల ఉండేది, గుడ్డ గడప దాటి వీధిలోకి వచ్చేది. దారిన పోయేవాళ్ళు ఎవరింట్లో పెళ్ళి అని అడిగేవాళ్ళు. కారుకు జాకెట్టు అని అతను తలెత్తకుండానే చెప్పేవాడు.

ట్రయలు రోజున మా ఇంటి ముందు జనం చేరారు. మా ఆయన కోరుకున్నట్టే ఒంటికి పట్టినట్టు కుట్టాడు. ముందు నుంచి తొడిగి, వెనక డిక్కీ మీద హుక్కులు పెట్టాలి. జాకెట్టుకు పెట్టే హుక్కులే, కాకపోతే పెద్దవి. మా ఆయన ముందు లాగాడు, టైలరు వెనక లాగాడు. నేను ఒక చెయ్యి తొడిగి, రెండో చెయ్యి తొడిగేలోపల మొదటిది ఊడొచ్చింది. హుక్కు పడటానికి జానెడు తక్కువైంది.

"ఊపిరి బిగబట్టమనండి" అన్నాడు టైలరు. అలవాటులో నోరు జారాడో, నిజంగానే అన్నాడో ఇప్పటికీ నాకు తెలియదు. మా ఆయన మాత్రం తన ఊపిరి బిగబట్టాడు.

"ఏం పర్లేదు. లోపల గుడ్డ వదిలే ఉండా. కుట్లు విప్పుతా" అని మళ్ళీ తీసుకుపోయాడు.

రెండోసారికి సరిపోయింది. సరిపోయింది కానీ, పొద్దున్నే హుక్కులన్నీ విప్పి, చేతులు ఊడదీసి, చొక్కా వెనక్కి వలిచేసరికి బడిలో గంట కొట్టేసేవాళ్ళు. హెడ్మాస్టరు గారు ఒకరోజు గదిలోకి పిలిచి ఎందుకు ఆలస్యం అవుతోందని అడిగారు.

"కారుకు హుక్కులు ఊడదీస్తుంటే ఆలస్యమైంది సార్" అన్నాను. నిజమే చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఇంట్లో అంతా బాగున్నారా అని మెల్లగా అడిగారు.

ఈ లోపల ఊళ్ళో ఇంకో తమాషా మొదలైంది. చర్చికి వచ్చేవాళ్ళలో రేకులిళ్ళూ పాతిళ్ళూ ఉన్నవాళ్ళు చాలామంది. ఎక్కడో ఒకచోట కారని ఇల్లు లేదు. గాలి లేస్తే చాలు, ఎవరో ఒకరు మా ఇంటి ముందు నుంచి మెల్లగా నడిచిపోయేవాళ్ళు. "అన్నా, గట్టిగానే కట్టినారా?" అని అడిగేవాళ్ళు. ఆ గొంతులో కాస్త ఆశ వినపడేది. మా ఆయన కవరు మీద నుంచి అడ్డంగా తాడు వేసి కట్టాడు. కట్టి లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు కానీ కుదురుగా లేడు.

"మరీ గట్టిగా కడితే దేవుడికి అడ్డం పడ్డట్టవతాదేమో" అన్నాడు.

లేచిపోయి ఒక ముడి వదులు చేసి వచ్చాడు.

గాలి కవరును తీసుకుపోలేదు. ఆ వారం గాలి కాదు, వాన వచ్చింది. విడవకుండా కురిసింది. బడులకు సెలవిచ్చారు. తడి కారు మీద కవరు వేయకూడదని ఆయనకు తెలుసు, ఆ మాట నాకు వందసార్లు చెప్పాడు. కానీ వాన మొదలైన రోజు నేను బడి నుంచి వచ్చి కారు ఆపగానే, పైన నీళ్ళు పడుతున్నాయే అన్న కంగారులో తడి మీదే తొడిగేశాడు. వాన వెలిసిన పొద్దున ఎండ కాసింది. హుక్కులు విప్పి కవరు వలిచాం.

కారు నిండా గులాబీలు.

గుడ్డకు లోపలి వైపు కూడా రంగు దిగి, ఒక్కో పువ్వూ తెల్లటి పెయింటు మీద లేత గులాబి రంగులో అచ్చుపడి ఉంది. బానెట్ మీద, పైన, తలుపుల మీద. కాడలు, ఆకులు కూడా పడ్డాయి. డిక్కీ మీద హుక్కుల వరస కూడా తుప్పు రంగు చుక్కలుగా పడింది. మా ఆయన చూస్తూ నిలబడ్డాడు. గోటితో ఒక రేకును గీకాడు. వాసన చూశాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు మా ఇంట్లో జరిగింది ఒక వైద్యం. మొదట కారు షాంపూ. తర్వాత పాలిష్. ఎవరో చెబితే టూత్‌పేస్టు. ఇంకెవరో చెబితే నిమ్మకాయ. ఎదురింటి పెద్దావిడ, మరకలకు పుల్లటి మజ్జిగ మంచిదని చెంబుతో తెచ్చి తనే పోసింది. కారు ఆ సాయంత్రమంతా మజ్జిగన్నం వాసన వేసింది, పిల్లి ఒకటి వచ్చి బంపరు నాకింది. ఎండ తగిలే ఎడమ వైపు పూలు కాస్త వెలిశాయి. కుడి వైపూ బానెట్ మీదా మాత్రం కదల్లేదు. మెకానిక్కు చూసి, మొత్తం గీకి పెయింటు వేయడం తప్ప దారి లేదన్నాడు. అని, ఫోటో తీసుకున్నాడు.

టైలరును పిలిపించాం.

"లైనింగు గుడ్డ నీళ్ళలో తడిపి ఆరేసినాకనే గదన్నా కుట్టేది?" అన్నాడు. "ఇది తడపలేదు."

"మరి నువ్వు చెప్పలేదే!"

"మీరు అడగలేదే!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. టైలరు వంగి తలుపు మీది పువ్వును దగ్గరగా చూశాడు. "బొమ్మ మటుకు బాగా పడిందన్నా. అంచులు చెదరలేదు. ఒంటికి పట్టినట్టు ఉండబట్టే ఇంత బాగా పడింది" అని తన పనిని తనే మెచ్చుకున్నాడు.

నాకు మొదట్లో ఆ కారు నడపాలంటే సిగ్గేసింది. బడి ముందు ఆపగానే పిలకాయలంతా వచ్చి పూలు లెక్కపెట్టేవాళ్ళు. తర్వాత అలవాటైపోయింది. ఇంకా తర్వాత, నిజం చెప్పాలంటే, నచ్చడం మొదలైంది. అల్లూరు సంతలో ఎన్ని తెల్ల కార్లు ఆగి ఉన్నా నాది వెతుక్కునే పని లేదు.

ఆయనకు మాత్రం చాలాకాలం పట్టింది. వరండాలో కూర్చుని కారు వైపు చూడకుండా ఫోను చూసుకునేవాడు. ఒక పొద్దున నేను బయటికి వస్తే కుడి తలుపు దగ్గర వంగి ఏదో రుద్దుతున్నాడు. మళ్ళీ మరక తీస్తున్నాడేమో అనుకున్నాను. మైనం రాస్తున్నాడు.

"దీని మీద మైనం ఎందుకు?"

"ఈ వైపు గూడా వెలిసిపోతే దరిద్రంగా ఉంటాది" అన్నాడు, తలెత్తకుండా. "ఉంటే మొత్తం ఉండాల, లేకపోతే లేదు."

ఆ రోజు నుంచి ఆయన సేవ పూలకు. ఎండ కుడి వైపు పడకుండా కారును ఎటు తిప్పి నిలపాలో నాకు చెప్పేవాడు. ఇంటి ముందు రేకుల షెడ్డు వేయించాడు, గాలికి లేవకుండా సిమెంటు స్తంభాలు పాతించి. కవరు గుడ్డను టైలరు విప్పి, చర్చి కిటికీలకు తెరలు కుట్టిచ్చాడు. ఈసారి తడిపి ఆరేసి కుట్టాడు.

మొన్న ఎండాకాలంలో మా సంఘంలో ఒక పెళ్ళి జరిగింది. పెళ్ళికూతురి నాన్న వచ్చి మా కారు అడిగాడు. ఊళ్ళో ఇంతకంటే పెద్ద కార్లు ఉన్నాయి కదా అన్నాను.

"అమ్మాయి ఇదే కావాలంటా ఉందమ్మా. పూలు కట్టే పని గూడా లేదు" అన్నాడు.

మా ఆయన ఆ పొద్దున కడిగి, తుడిచి, మైనం రాసి, తనూ ముస్తాబై ముందు సీట్లో కూర్చున్నాడు. చర్చి ముందు జనం మూగారు. వెలిసిపోయిన ఎడమ వైపు కాస్త బంతిపూలు అంటిద్దామని పెళ్ళివారి కుర్రాళ్ళు టేపు తెచ్చారు. మా ఆయన దిగి రెండు చేతులూ చాపి తలుపుకు అడ్డం నిలబడ్డాడు. టేపు అంటిస్తే పెయింటు ఊడుతుందట. వాళ్ళు ఒప్పుకోక, ఈయన కదలక, చివరికి ఫోటోలకు ఎడమ వైపు ఎవరూ నిలబడకూడదని తీర్మానమైంది. ఫోటోగ్రాఫరు కుడి వైపు వెలుతురు లేదన్నాడు. ఆ ఇరుకు సందులో నేను కారును ముందుకూ వెనక్కూ తిప్పి, అటు మొహం ఇటు పెట్టేసరికి నా పట్టుచీర చెమటకు తడిసి ముద్దయింది.

పెళ్ళికూతురు ఎక్కబోతూ ఆగింది. చేతి తొడుగు వేసుకున్న వేలితో తలుపు మీది పువ్వును ముట్టుకుని చూసింది.

"అంకుల్, ఎంత బాగుందో! ఎక్కడ వేయించినారు?"

మా ఆయన నా వైపు చూశాడు. ఆ పిల్ల వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఇంటి ముందరేనమ్మా" అన్నాడు. "వానకు పడింది."

ఆమె హాస్యమనుకుని నవ్వింది. ఎక్కి కూర్చుని, తెల్లటి కొంగు లోపలికి లాక్కుంది. తలుపు మా ఆయనే వేశాడు, మెల్లగా, రెండు చేతులతో. నేను కారు స్టార్టు చేశాను.